నాన్న పింఛను దరఖాస్తు మూడోసారీ తిరిగి వచ్చింది. 20 రోజుల నిబంధన ఉన్నట్టా, లేనట్టా?

పత్తిచేను (ఆదోని)
20 అక్టోబరు 2024, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ఇంతకాలం ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇక రాయక తప్పడం లేదు.

మా నాన్న ఆదోనిలో ఒక నూలు మిల్లులో 1996 మే నుంచి 2019 మార్చి వరకు పనిచేశారు. ఆ తరువాత మిల్లు మూతపడింది. ఈ జులై 1కి ఆయనకు 58 ఏళ్లు నిండాయి. ఉద్యోగుల పింఛను పథకం, అందరూ ఈపీఎస్-95 అనేది, దాని కింద నెలవారీ పింఛను కోసం జులై 8న 10డి ఫారం ఇచ్చాం. యజమాని లేడు కాబట్టి బ్యాంకు మేనేజరు చేత ధ్రువీకరణ సంతకం చేయించాం.

జులై 29న మొదటిసారి తిరిగి వచ్చింది. అమ్మా నాన్నా కలిసి దిగిన ఫొటో సరిగా లేదన్నారు. కొత్త ఫొటో తీయించి పంపాం. సెప్టెంబరు 4న మళ్లీ వచ్చింది. పీఎఫ్ రికార్డులో ఇంటిపేరు చివర ఉంది, బ్యాంకు పుస్తకంలో ముందు ఉంది. బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగి అదీ మార్పించాం. మొన్న 18న మూడోసారి వచ్చింది. ఈసారి పుట్టిన తేదీ. వాళ్ల లెక్కలో నాన్న 1968లో పుట్టారట, 58 నిండడానికి ఇంకా రెండేళ్లు ఉందట. ఈ మూడు లోపాలూ మొదటి రోజే ఆ కాగితాల్లో ఉన్నాయి కదా! ఒకేసారి చెప్పి ఉంటే జులైలోనే మూడూ సరిచేసుకునేవాళ్లం.

ఇంకో మాట. మూడోసారి వచ్చిన సందేశం ఇంగ్లీషులో ఉంది. నాన్నకు తెలుగు చదవడమే వచ్చు. అందులో తన ఖాతా అంకెలు, తేదీ కనిపించేసరికి పింఛను మంజూరైందనుకున్నారు. సందేశం చెరిగిపోతుందేమోనని నేను బడి నుంచి వచ్చేదాకా ఫోను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అమ్మ అప్పటికే పక్కింట్లో చెప్పేసింది. నేను చదివి, ఏం చెప్పాలో తెలియక, "ఇంకో కాగితం అడుగుతున్నారు నాన్నా" అన్నాను.

20 రోజుల్లో తేల్చాలన్న నిబంధన ఉందని విన్నాను. ఉంటే అది మాకెందుకు వర్తించలేదు? తెలిసినవారు దయచేసి చెప్పండి.

గుత్తికోట (తాడిపత్రి)
20 అక్టోబరు 2024, ఉదయం 10:25

అక్కా, నిబంధన ఉంది. పింఛను పథకంలో 17-ఎ పేరా చదవండి. అన్ని కాగితాలతో సక్రమంగా ఇచ్చిన క్లెయిమును అందిన 20 రోజుల్లో పరిష్కరించి డబ్బు చెల్లించాలి. లోపం ఉంటే అదే 20 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే బాధ్యత పీఎఫ్ కమిషనరుదే. ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ వేసి, దాన్ని ఆయన జీతం నుంచి మినహాయించవచ్చని కూడా రాసి ఉంది. భవిష్య నిధి, అంటే పీఎఫ్ క్లెయిములకూ 1952 నాటి పథకంలో ఇలాంటి నిబంధనే ఉంది.

నేను సిమెంటు కార్మికుల సంఘంలో పదిహేనేళ్లుగా ఉన్నాను. ఈ పేరా నకలు చేతిలో పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడితే మాట తీరు మారడం కళ్లారా చూశాను. మీ నాన్నగారిది భిక్ష కాదు. ఆయన పనిచేసిన ప్రతి నెలా యజమాని వాటాలోంచి 8.33 శాతం ఆ పింఛను ఖాతాకు వెళ్లింది. అది ఆయన కూడబెట్టుకున్న హక్కు. గట్టిగా అడగండి.

వేదిక నిర్వాహకులు
20 అక్టోబరు 2024, ఉదయం 11:02

కాగితాల ఫొటోలు పెట్టేవారు పీఎఫ్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా అంకెలు, మనుషుల పేర్లు తప్పకుండా కప్పేయండి. మీ పని అయిందో లేదో కనుక్కుంటామంటూ ఎవరైనా విడిగా సందేశం పంపి ఓటీపీ అడిగితే ఇవ్వకండి, మాకు తెలియజేయండి.

విశ్రాంత సహాయకుడు (కడప)
20 అక్టోబరు 2024, రాత్రి 8:15

అమ్మా, నేను భవిష్య నిధి కార్యాలయాల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏయే ఊళ్లలో చేశానన్నది వదిలేద్దాం. గుత్తికోట తమ్ముడు చెప్పిన పేరా నిజమే. కానీ అందులో ఒక మాట దగ్గర ఆగాలి: "సక్రమంగా ఇచ్చిన క్లెయిము". లోపం ఉన్న క్లెయిముకు 20 రోజుల లెక్క నడవదు. లోపం రాసి తిప్పి పంపారంటే కార్యాలయం లెక్కలో ఆ పని ముగిసినట్టే. మీరు మళ్లీ పంపినప్పుడు అది కొత్త క్లెయిము, కొత్తగా 20 రోజులు. జులై 8 నుంచి 29కి 21 రోజులు. మీకు నెలలు గడిచిపోయాయి, అక్కడి పట్టికలో మాత్రం ఒక్కరోజు ఆలస్యం ఉన్న ఒక క్లెయిము కనబడుతుంది. బాధగా ఉన్నా ఇది తెలియడం అవసరం.

లోపల జరిగేది చెబుతాను. 10డి ముగ్గురి చేతుల మీదుగా వెళ్తుంది. మొదట సీటులో ఉండే సహాయకుడు, తరువాత సెక్షన్ సూపర్‌వైజరు, ఆపైన అకౌంట్స్ ఆఫీసరు. మొదటి సీటులో మనిషి మీద రోజువారీ సంఖ్య బరువు ఉంటుంది. మొదటి పేజీలో ఫొటో సరిగా లేదనిపిస్తే అక్కడితో ఆపి వెనక్కి పంపడం తేలిక. ఆ ఫైలు నాలుగో పేజీ దాకా తిప్పి, పాత లెడ్జరు తెరిచి, పుట్టిన తేదీ సరిపోల్చి, లోపాలన్నీ ఒకే ఉత్తరంలో రాయడానికి అరగంట పడుతుంది. అరగంట పెట్టేవారు ఉన్నారు, పెట్టనివారూ ఉన్నారు. లోపాలన్నీ మొదటిసారే చెప్పాలని, ముక్కలు ముక్కలుగా తిప్పి పంపకూడదని కార్యాలయాలకు ఆదేశాలు ఉన్నాయి. కాబట్టి మీ ఫిర్యాదులో "ఆలస్యం" అని రాయకండి. "మూడు లోపాలను మూడుసార్లుగా చెప్పారు, మూడూ మొదటి రోజు నుంచే ఉన్నాయి" అని రాయండి. ఆలస్యానికి వాళ్ల దగ్గర జవాబు ఉంది. దీనికి లేదు.

ఇప్పుడు పని సంగతి. నాన్నగారు మిల్లులో చేరినప్పుడు నింపిన నామినేషన్ ఫారం నకలు గానీ, పాత వార్షిక స్లిప్పు గానీ ఇంట్లో ఉంటే పుట్టిన తేదీ ఉన్న గడి వరకు ఫొటో తీసి పెట్టండి. తప్పు ఎక్కడ పుట్టిందో ముందు తెలియాలి.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)
20 అక్టోబరు 2024, రాత్రి 9:30

నాది ఇంటర్నెట్ కేంద్రం. నెలకు ముప్పై నలభై పీఎఫ్ పనులు వస్తాయి. 57 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది: యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడి నంబరు, దాంతో ఖాతా తెరిచి నాలుగు గడులు చూసుకోండి. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానిన తేదీ. మానిన తేదీ ఖాళీగా ఉంటే ఏ క్లెయిమూ ముందుకు కదలదు. యజమాని వేయకపోయినా చివరి చందా పడిన రెండు నెలల తరువాత సభ్యుడే వేసుకోవచ్చు. ఇది తెలియక ఏడాది పాటు యజమాని చుట్టూ తిరిగినవారిని చూశాను.

నామినేషన్ కూడా ఆన్‌లైనులో చేసుకోండి. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు పడే తిప్పలు అంతా ఇంతా కాదు.

పత్తిచేను (ఆదోని)
22 అక్టోబరు 2024, సాయంత్రం 6:50

సార్, దొరికింది. అటక మీద రేకు పెట్టెలో నాన్న తన మిల్లు గుర్తింపు కార్డుతో పాటు నామినేషన్ ఫారం కార్బన్ నకలు దాచుకున్నారు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంటే ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫొటో తీశాను. పుట్టిన తేదీ గడి మాత్రమే పెడుతున్నాను.

నాకు అది 1966 లాగానే కనిపిస్తోంది. మా తమ్ముడు 1968 అంటున్నాడు.

విశ్రాంత సహాయకుడు (కడప)
22 అక్టోబరు 2024, రాత్రి 8:40

ఫొటో పెద్దది చేసి చూశానమ్మా. మీ ఇద్దరిదీ తప్పు కాదు. అదే గుమస్తా చేరిన తేదీలో 1996 అని రాశాడు కదా, ఆ చివరి 6 చూడండి. పైన కొమ్మును లోపలికి వంచి కింది సున్నాకు దాదాపు ఆనించాడు. పుట్టిన సంవత్సరంలో చివరి 6 కొమ్ము పూర్తిగా కలిసిపోయింది. కార్బన్ కాగితం మీద అది 8 గానే పడింది. ఆ ఫారం చూసి కంప్యూటర్‌లో ఎక్కించిన వ్యక్తి 8 అని కొట్టాడు. 28 ఏళ్ల కిందటి ఒక కొమ్ము ఇది.

దిద్దుబాటుకు మార్గం ఉంది. ఉమ్మడి డిక్లరేషన్ ఇవ్వాలి, అంటే రికార్డు దిద్దమని సభ్యుడు, యజమాని కలిసి ఇచ్చే ఫారం. ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. ఆధార్‌లో 1966 ఉంది కదా అని దాన్ని జతపరచకండి. ఈ ఏడాది జనవరి 16 నుంచి పుట్టిన తేదీకి రుజువుగా ఆధార్‌ను తీసుకోవడం లేదు. జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, పాన్ కార్డు, పదో తరగతి ధ్రువపత్రం, బడి టీసీ, ఇలాంటివి కావాలి. నాన్నగారు ఏ తరగతి వరకు చదివారు?

మిల్లు మూతపడింది కాబట్టి యజమాని సంతకం స్థానంలో గెజిటెడ్ అధికారి, మేజిస్ట్రేటు, పోస్టుమాస్టరు, గ్రామ పంచాయతీ సర్పంచి, శాసనసభ్యుడు, బ్యాంకు మేనేజరు, గుర్తింపు పొందిన విద్యాసంస్థ ప్రధానోపాధ్యాయుడు, వీరిలో ఎవరైనా ధ్రువీకరించవచ్చు.

నాపరాయి (బేతంచెర్ల)
23 అక్టోబరు 2024, మధ్యాహ్నం 1:10

ఇదే చర్చలో అడగవచ్చో లేదో తెలియదు, క్షమించండి. మా నాన్న పోయాక అమ్మకు నెలకు 1,000 రూపాయల వితంతు పింఛను వస్తోంది. మార్చి నుంచి రావడం లేదు. బ్యాంకులో అడిగితే జీవన ధ్రువపత్రం గడువు దాటిందన్నారు. ఒక కేంద్రానికి తీసుకెళ్తే వేలిముద్ర పడలేదు. అమ్మ ఇరవై రెండేళ్లు నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పనిచేసింది. తడి రాయి మీద చేయి పెట్టి అంచులు అరగదీసే పని. బొటనవేలు చూస్తే గాజులా నునుపుగా ఉంటుంది, ఒక్క గీత కనబడదు. పదివేళ్లూ పెట్టించారు. ఆవిడ చెయ్యి పైటకు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ పెట్టింది. చివరికి "తప్పు నా చేతిదేలే" అని లేచి వచ్చేసింది.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఇప్పుడేం చేయాలి?

పెన్నా తీరం (ప్రొద్దుటూరు)
23 అక్టోబరు 2024, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, వేలిముద్ర అవసరమే లేదు. ముఖం చూపితే చాలు. మంచి కెమెరా ఉన్న ఫోనులో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు వేసుకోండి. అమ్మ ఆధార్, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా, ఒక ఫోను నంబరు దగ్గర పెట్టుకోండి. పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర, ముఖం మీద వెలుగు పడేలా కూర్చోబెట్టండి. కళ్లు ఆర్పమంటుంది, ఆర్పితే అయిపోతుంది. చేతకాకపోతే పోస్టుమాన్‌కు చెప్పండి. తపాలా బ్యాంకు తరఫున ఇంటికే వచ్చి చేస్తారు.

నవంబరు దాకా ఆగనక్కరలేదు. ఈపీఎస్ వారు ఏడాదిలో ఏ రోజైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన నాటి నుంచి ఏడాది చెల్లుతుంది. ఆగిన నెలలవీ కలిపి వస్తాయి. ఈ రోజే చేయండి.

తుంగభద్ర (కర్నూలు)
23 అక్టోబరు 2024, సాయంత్రం 5:20

నేను బ్యాంకు మేనేజరుగా పనిచేసి విరమించాను. మా శాఖలకు ఇలాంటి ధ్రువీకరణల కోసం వచ్చేవారు చాలామంది. సంతకం పెట్టే ముందు మేనేజరు చూడవలసింది ఫారంలోని పేరు, పాసుపుస్తకంలోని పేరు అక్షరం అక్షరం కలుస్తున్నాయా అని. మన ప్రాంతంలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట చివర ఉంటుంది. కంప్యూటర్‌కు అవి ముగ్గురు మనుషులు. పత్తిచేను గారి రెండో తిరస్కరణను ఆ బ్యాంకు బల్ల దగ్గరే ఆపి ఉండవచ్చు. సంతకం చేసిన అధికారి రెండు నిమిషాలు పెట్టి చూసి ఉంటే ఆ తండ్రికి సెప్టెంబరు నెల దక్కేది. మన బ్యాంకు ఉద్యోగులు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆ రెండు నిమిషాలు పెట్టండి.

గుత్తికోట (తాడిపత్రి)
23 అక్టోబరు 2024, రాత్రి 9:15

నాపరాయి తమ్ముడూ, అమ్మకు చెప్పండి, తప్పు ఆమె చేతిది కాదు. ఆ చేత్తో అరగదీసిన బండల మీదే ఎన్ని ఊళ్ల ఇళ్లు నిలబడ్డాయో!

ఆ 1,000 రూపాయల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కనీస పింఛను 1,000 అని 2014 సెప్టెంబరు 1న పెట్టారు. పదేళ్లు దాటింది. నూనె ధర, మందుల ధర ఎక్కడికి పోయాయి? 7,500 చేసి కరువు భత్యం కలపాలని పింఛనుదారులు దేశమంతా ఉద్యమిస్తున్నారు. ఎక్కువ వేతనం మీద పింఛను గురించి సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తీర్పు ఇచ్చింది. మావాళ్లు 2023 జులై 11 గడువులోపే ఆప్షన్లు ఇచ్చి, వేతన వివరాలు యజమానుల దగ్గర నుంచి ఎప్పుడు వెళ్తాయా అని ఇంకా ఎదురుచూస్తున్నారు.

పత్తిచేను అక్కా, ఒక ఆయుధం మరిచిపోకండి. పీఎఫ్ సభ్యుడు వినియోగదారుడే అని శివ్ కుమార్ జోషి కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

విశ్రాంత సహాయకుడు (కడప)
23 అక్టోబరు 2024, రాత్రి 10:00

తమ్ముడి మాట సత్యం. కానీ వరుస తప్పకూడదు. మొదట పుట్టిన తేదీ దిద్దించాలి. అది దిద్దకుండా ఏ మెట్టు ఎక్కినా "రికార్డు ప్రకారం 58 నిండలేదు" అన్న ఒక్క వాక్యంతో కింద పడతాం. దిద్దిన తరువాత కూడా తిప్పితే పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్, ఆపైన కేంద్రం నడిపే సీపీగ్రామ్స్. అక్కడ 21 రోజుల్లో జవాబు రావాలని ఈ ఆగస్టులో పెట్టారు. ఫైలు ఏ సీటులో ఎన్ని రోజులు ఉందో సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు, 30 రోజుల్లో చెప్పాలి. కమిషన్ ఆఖరున.

కళ్యాణదుర్గం నుంచి బెంగళూరు
24 అక్టోబరు 2024, ఉదయం 7:30

నాదొక చిన్న ప్రశ్న. 9 ఏళ్ల 7 నెలల సర్వీసు ఉంది. పదేళ్లు నిండలేదు కాబట్టి పింఛను రాదు, డబ్బు తీసేసుకో అని ఒక ఏజెంటు అంటున్నాడు. వయసు 50. ఇప్పుడే పింఛను తీసుకోవచ్చా?

విశ్రాంత సహాయకుడు (కడప)
24 అక్టోబరు 2024, ఉదయం 8:05

తీసేసుకోకు బాబూ. ఆరు నెలలు, ఆపైన ఉన్న భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు. నీది పదేళ్లుగానే లెక్కకు వస్తుంది. 50కే పింఛను అడగవచ్చు గానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. 50కి తీసుకుంటే 32 శాతం తగ్గుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. వేతనం 15,000, సర్వీసు పదేళ్లు అనుకో. 15,000ను 10తో గుణించి 70తో భాగిస్తే నెలకు సుమారు 2,143. అందులోంచి 32 శాతం పోతే చేతికి 1,457. ఉద్యోగం మానితే నీ సర్వీసును నిలిపి ఉంచే స్కీము సర్టిఫికెట్ తీసుకుని 58 దాకా భద్రంగా ఉంచుకో. ఆ ఏజెంటుకు తన రుసుము ముఖ్యం, నీ ముసలితనం కాదు.

పత్తిచేను (ఆదోని)
26 అక్టోబరు 2024, రాత్రి 7:45

ఈ రోజు నాన్నను తీసుకుని ఆయన చదివిన ఊరి బడికి వెళ్లాను. అయిదో తరగతి వరకే చదివారు. ప్రధానోపాధ్యాయురాలు బీరువా తాళం తీసి, 1970ల నాటి ప్రవేశ రిజిస్టరు బయట పెట్టారు. అట్ట ఊడిపోయింది, మూలలు చెదలు కొట్టాయి. ఆవిడ ఒక్కో పేజీ కింద స్కేలు పెట్టి జాగ్రత్తగా తిప్పారు. 1971 జూన్ పేజీలో తాతయ్య వేలిముద్ర, పక్కన నాన్న పేరు. పుట్టిన తేదీ 1-7-1966. ఆ పేజీలో పదకొండు మంది ఉంటే తొమ్మిది మందికి పుట్టిన రోజు జులై 1. బడిలో చేర్చిన అయ్యవారు లెక్క కోసం అలా వేసేవారట.

నాన్న తన పేరు మీద కాకుండా తాతయ్య వేలిముద్ర మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయారు. ఆవిడ టీసీ నకలు రాసి, ముద్ర వేసి, రిజిస్టరు పేజీకి కూడా ధ్రువీకరణ చేసి ఇచ్చారు. రూపాయి తీసుకోలేదు. డిక్లరేషన్ మీద ధ్రువీకరణ సంతకం కూడా తానే పెట్టవచ్చని, సార్ రాసిన జాబితా చూపించగానే పెట్టారు.

ఇది తీసుకుని ఎక్కడికి వెళ్లాలి సార్? ప్రాంతీయ కార్యాలయానికి పోను ఒక రోజు, రాను ఒక రోజు. నాన్నకు మోకాళ్ల నొప్పులు.

విశ్రాంత సహాయకుడు (కడప)
26 అక్టోబరు 2024, రాత్రి 9:10

కార్యాలయానికి వద్దు. ప్రతి నెలా 27న ప్రతి జిల్లాలో "నిధి ఆప్కే నికట్" అనే పీఎఫ్ శిబిరం పెడతారు, 2023 జనవరి నుంచి జరుగుతోంది. 27 సెలవైతే తరువాతి పనిదినం. రేపు ఆదివారం, కాబట్టి సోమవారం. ఇంత తొందరలో కాగితాలు కుదరకపోతే నవంబరు 27న వెళ్లండి. మీ జిల్లాలో ఎక్కడ పెడుతున్నారో ముందు రోజు పీఎఫ్ సహాయ నంబరు 14470కి ఫోను చేసి కనుక్కోండి.

మూడు మాటలు గుర్తుంచుకోండి. అసలు కాగితాలు చూపించండి, చేతికి ఇవ్వకండి. ఇచ్చిన ప్రతి నకలు పేరు రాసిన జాబితా మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. ఆ కార్బన్ ఫారం పక్కన అదే గుమస్తా రాసిన 1996ను పెట్టి చూపించండి. చూసిన వాడికి మాటలు అక్కరలేదు.

నాపరాయి (బేతంచెర్ల)
2 నవంబరు 2024, ఉదయం 11:20

పెన్నా తీరం అన్నకు దండాలు. పొద్దున పోస్టుమాన్ వచ్చి ఇంటి ముందు అరుగు మీదే పని ముగించాడు. మొదటిసారి నీడ పడిందని అమ్మను కొంచెం ఇటు జరగమన్నాడు, రెండోసారికి అయిపోయింది. ధ్రువపత్రం నంబరు ఫోనుకు వచ్చింది. అమ్మ ఆ అబ్బాయికి మజ్జిగ ఇచ్చి, "మళ్లీ ఏడు కూడా నువ్వే రా నాయనా" అంది.

పత్తిచేను (ఆదోని)
27 నవంబరు 2024, రాత్రి 8:30

పండుగ సెలవులు, బడి పరీక్షలతో అక్టోబరు శిబిరం కుదరలేదు. ఈ రోజు వెళ్లాం. అక్కడ ఉన్న అధికారిణి మా కంటే ముందున్న పదిహేను మందినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కాగితాలు చివరి దాకా తిప్పి చూశారు. నాన్న వంతు రాగానే కార్బన్ ఫారం, 1996 పక్కపక్కన పెట్టాను. ఆవిడ భూతద్దం లాంటిదేమీ అడగలేదు, ఫోను వెలుతురులో ఒకసారి చూసి "ఇది ఆరే" అన్నారు. తరువాత తెలుగులో, నాన్నకే నేరుగా చెప్పారు: "పెద్దాయనా, ముందు పుట్టిన తేదీ మారుతుంది. మారాక మీకు కబురు వస్తుంది. అప్పుడు 10డి కొత్తది ఇవ్వండి. ఫొటో, బ్యాంకు పుస్తకం ఇప్పుడు సరిగానే ఉన్నాయి, ఇంకే లోపమూ లేదు."

నాలుగు నెలల్లో ఆయనతో ఎవరైనా నేరుగా మాట్లాడడం ఇదే మొదటిసారి. అంతకు ముందు అందరూ నాతో మాట్లాడేవారు, ఆయన పక్కన నిలబడి ఉండేవారు.

జాబితా మీద సంతకం, తేదీ తీసుకున్నాను సార్.

పత్తిచేను (ఆదోని)
23 డిసెంబరు 2024, సాయంత్రం 6:15

19న పుట్టిన తేదీ మారింది. ఈ రోజు 10డి నాలుగోసారి ఇచ్చాం. ఈ రోజు నుంచి లెక్కపెడుతున్నాను.

తుంగభద్ర (కర్నూలు)
4 జనవరి 2025, ఉదయం 10:40

మంచి కబురు. ఈ జనవరి 1 నుంచి ఈపీఎస్ పింఛను దేశమంతటా కేంద్రీకృత చెల్లింపు విధానంలోకి వచ్చింది. సుమారు 68 లక్షల మందికి వర్తిస్తుంది. ఇంతకుముందు ఒక్కో ప్రాంతీయ కార్యాలయం మూడు నాలుగు బ్యాంకులతోనే ఒప్పందం పెట్టుకునేది, ఊరు మారితే పీపీఓ ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి బదిలీ కావాలి. ఇప్పుడు ఏ బ్యాంకు, ఏ శాఖ అయినా సరే. కళ్యాణదుర్గం తమ్ముడూ, నీ 58 నాటికి బెంగళూరులో ఉన్నా, సొంత ఊరికి వచ్చినా ఇబ్బంది ఉండదు.

పత్తిచేను (ఆదోని)
9 జనవరి 2025, మధ్యాహ్నం 3:30

పీపీఓ నంబరు వచ్చింది! 17 రోజులు. సార్, మీరు చెప్పినట్టే, కాగితం సరిగా ఉంటే 20 లోపే వచ్చింది. సర్వీసు 20 ఏళ్లు దాటింది కాబట్టి రెండేళ్లు అదనంగా కలిపారు. నెలకు మూడు వేల చిల్లర.

గుత్తికోట (తాడిపత్రి)
9 జనవరి 2025, మధ్యాహ్నం 3:52

చాలా సంతోషం అక్కా. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. బకాయిలు కూడా చూసుకోండి, 58 నిండిన నాటి నుంచి రావాలి.

పత్తిచేను (ఆదోని)
1 ఫిబ్రవరి 2025, రాత్రి 8:20

పడింది. జులై నుంచి బకాయిలతో సహా. ఫోనులో సందేశం చూపిస్తే నాన్న ఈసారి నమ్మలేదు. బ్యాంకుకు వెళ్లి పుస్తకంలో అచ్చు వేయించుకుని వచ్చారు.

సార్, ఇంకో పని పడింది. నాన్నతో పాటు అదే షిఫ్టులో పనిచేసిన ముగ్గురి ఫారాలు చూశాను. అదే గుమస్తా రాత. ఇద్దరి పుట్టిన సంవత్సరంలో చివర 6 ఉంది, కంప్యూటర్‌లో 8 ఉంది. వారిలో ఒకరికి పోయిన మే నెలలోనే 58 నిండాయి. ఆదివారం కాగితాలు తీసుకుని మా ఇంటికి వస్తున్నారు. డిక్లరేషన్ ఎన్ని ప్రతులు రాయించాలి? బడి రిజిస్టరు దొరకని ఒకాయన ఉన్నారు, ఆయనకు పాన్ కార్డు ఉంది, సరిపోతుందా?

విశ్రాంత సహాయకుడు (కడప)
1 ఫిబ్రవరి 2025, రాత్రి 9:05

పాన్ కార్డు సరిపోతుందమ్మా, అందులో తేదీ 1966 అని స్పష్టంగా ఉంటే చాలు. రెండు ప్రతులు రాయించండి, ఒకటి అందినట్టు సంతకంతో ఇంట్లో ఉండాలి. మే నెల ఆయనది ముందు పెట్టండి, ఈ 27 శిబిరానికే తీసుకెళ్లండి. ముగ్గురి ఫారాల్లోనూ 1996 ఉన్న గడి ఫొటో తీసి నాకు చూపించండి, పేర్లు కప్పేసి.